అమ్మ ఎక్కలేని కారు

ఆ కారు నేను కొన్నది అమ్మ కోసం. ఈ మాట మొదటే రాసిపెడుతున్నాను, ఎందుకంటే తర్వాత చాలామంది చాలా రకాలుగా అన్నారు. ఆఫీసులో పైవాళ్ళని చూసి వాత పెట్టుకున్నాడన్నారు. పెళ్ళీ పెటాకులూ లేనివాడికి కారెందుకన్నారు. ఎవరు, ఎక్కడ నిలబడి, ఏ మాట అన్నారో నాకు ఇప్పటికీ గుర్తుంది. నాకు పెళ్ళి ఎందుకు కాలేదన్నది వేరే కథ. ఇంట్లో ఉన్నది అమ్మా నేనూ, ఇద్దరమే.

మా ఇల్లు బోయిగూడలో ఒక సందు లోపల. అక్కడి నుంచి గుడికి నడిస్తే ఇరవై నిమిషాలు. మేం కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవులం, చర్చిని గుడి అనే అంటాం. నెలలో మొదటి ఆదివారం అక్కడ ప్రభువు బల్ల. రొట్టె విరిచి, చిన్న గాజు కప్పుల్లో ద్రాక్షారసం ఇస్తారు. అమ్మ పధ్నాలుగో ఏట బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి ముసలితనం దాకా బల్ల తప్పలేదు. నన్ను కన్న నెల మాత్రం తప్పిందట. ఆ సంగతి నాకు చాలాసార్లు చెప్పింది, నేనే కావాలని అడ్డం పడ్డట్టు.

అరవై అయిదు దాటాక ఆమె మోకాళ్ళు మొరాయించాయి. నా స్కూటరు మీద ఒక పక్కకి కూర్చుని వచ్చేది, బైబిలు సంచి ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో నా చొక్కా పట్టుకుని. ఒకసారి స్కూటరు గుంటలో పడి, సంచి ఎగిరి మోరీలో పడింది. ఆ తర్వాత ఆటో అన్నాను. ఆదివారం పొద్దున సందు మొదట్లో నిలబడి ఏడు ఆటోలు ఆపాను. ఏడో అతను అమ్మని పైనుంచి కింది దాకా చూసి, "గింత దూరానికి ఎవరొస్తరమ్మా? నడుసుకుంట పో. పానానికి మంచిది" అన్నాడు. అమ్మ నవ్వి, నడుద్దాం పదరా అంది. ఆరోజు గుడికి చేరేసరికి రొట్టె విరవడం అయిపోయింది. వెనక బెంచీలో కూర్చుని ఆమె మోకాలు రుద్దుకుంటుంటే అనుకున్నాను, కారు కొనాలని.

చిన్న కారు. మూడు సిలిండర్ల ఇంజను, నాలుగు గేర్లు, అద్దాలకి చేత్తో తిప్పే హ్యాండిలు. ఏసీ లేదు. వెనక చూసుకునే అద్దం కుడిపక్క ఒక్కటే. డిక్కీలో బియ్యం బస్తా ఒకటి పడితే రెండోది పట్టదు. నాలాంటి గుమాస్తా కొని నడపగలిగింది ఆ రోజుల్లో అదొక్కటే.

కారు ఇంటికి వచ్చిన వారమే ఆదివారం గుడి ఆవరణలో ప్రార్థన పెట్టించాను. కొత్త బండి ఏది కొన్నా మా సంఘంలో అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, దాని మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తారు. ఆరాధన అయిపోయాక జనం చుట్టూ చేరారు. అమ్మ తెల్లచీరలో ముందు నిలబడింది. అయ్యగారు బానెట్ మీద చెయ్యి వేసి, రాకపోకల్లో దేవుడు తోడుండాలని ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. ఆ ఆమెన్ ఇంకా గాల్లో ఉండగానే మా బావ గొంతు లేచింది.

బావంటే మా అక్క భర్త. వాళ్ళదీ మా సంఘమే. ఏ.ఎస్. రావు నగర్‌లో సొంత ఇల్లు, పెద్ద ఉద్యోగం, అంతకంటే పెద్ద గొంతు.

"ఏవోయ్ బావమరిదీ! కారు కొన్నావంటే చూద్దామని అంత దూరం నుంచి వచ్చాను. ఇది పిల్ల కదయ్యా. తల్లి ఎక్కడ?"

జనం నవ్వారు. ఆయనకి అది చాలలేదు. అమ్మ వైపు తిరిగాడు.

"అత్తయ్యగారూ, మీరు ఎక్కేముందు ఒక కేక వెయ్యండి, మీ అబ్బాయి దిగుతాడు. ఇద్దరూ ఒకేసారి పట్టరు."

మళ్ళీ నవ్వారు. మొత్తం పదకొండుమంది. అయ్యగారు కూడా, ప్రార్థన చేసిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని. అమ్మ చీర చెంగు పెదాల మీదకి లాక్కుంది. నవ్వు కనబడకుండా లాక్కుందని నాకు తెలుసు.

"మీకు మాత్రం ఇందులో ఎప్పటికీ చోటు లేదు" అన్నాను.

"చోటు ఎవరికుంది గనక?" అన్నాడు బావ. అందరికంటే గట్టిగా తనే నవ్వాడు.

మా వైపు బావకి బావమరిదిని ఏడిపించే హక్కుంది. పెళ్ళిపీటల మీద మొదలుపెట్టి పాడె దాకా ఏడిపించవచ్చు. బావమరిది కూడా తిరిగి ఒకటి అనాలి, లెక్క సరిపోతుంది, ఇద్దరూ కలిసి భోజనానికి కూర్చుంటారు. ఇది నాకు తెలియనిది కాదు. నాకు చేతకాలేదు. ఇంకేం అన్నా పడేవాణ్ణి. ఆయన ఎగతాళి చేసింది అమ్మని ఎక్కించుకోవడానికి నేను తెచ్చిన దాన్ని, అదీ ప్రార్థన అయిన మరుక్షణం. ఆ మాట వెనక్కి తీసుకునే దాకా ఆయనతో మాట్లాడకూడదనుకున్నాను. అక్క ఇంటికి వెళ్ళినా గుమ్మం దగ్గరే నిలబడి వచ్చేసేవాణ్ణి.

తర్వాత ఆరేళ్ళు అమ్మ ఆ కారులో గుడికి వచ్చింది. నా బతుకులో చెప్పుకోదగ్గ కాలం ఏదైనా ఉంటే అదే, అందుకే దాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చలికాలం పొద్దున్నే చోక్ లాగి ఇంజను వేడెక్కే దాకా ఆగాలి. అప్పటికే అమ్మ ముందు సీట్లో కూర్చుని సంచిలోంచి కళ్ళజోడు వెతుక్కుంటూ ఉండేది. లీటరుకు ఇరవై కిలోమీటర్లు ఇచ్చేది, నడపడం తెలిస్తే. సిగ్నల్ పడగానే ఇంజను ఆపేసేవాణ్ణి. దిగుడు వస్తే న్యూట్రల్‌లో వదిలేవాణ్ణి. వెనకవాళ్ళు హారన్లు కొట్టేవాళ్ళు. "జల్దీ చెయ్ అన్నా, బండి తోసుడు గావాల్నా?" అని ఒక స్కూటరువాడు నా కిటికీలోకి వంగి అడిగాడు. అమ్మ వాడికి జవాబు చెప్పింది: "తొందరేం లేదు నాయనా, నువ్వు ముందు వెళ్ళు."

గుడి ఆవరణలో మాత్రం నా కారుకి చోటు ఇవ్వలేదు. గేటు దగ్గర నిలబడే సంఘపెద్ద, "మీది చిన్న బండే కదండీ, బయట ఎక్కడో ఒక చోట పట్టేస్తుంది" అనేవాడు. లోపల నీడలో పెద్ద కార్లు, అందులో బావది ఒకటి. సంఘ కమిటీకి మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికీ లేదు. మూడోదానికి ఆ పెద్దే వచ్చి, "మీరు ఉత్తరాలు బాగా రాస్తారండీ, సంఘ పత్రికకి ఏదైనా రాయకూడదూ?" అన్నాడు. అమ్మని గేటు ముందు దింపి, బయట ఎండలో కారు పెట్టి వచ్చేసరికి మొదటి కీర్తన అయిపోయేది. ఆరేళ్ళూ నేను మొదటి కీర్తన వినలేదు.

ఒక వానాకాలం సాయంత్రం అమ్మ స్నానాల గదిలో జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి కొత్త కీలు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు జాగ్రత్తలు చెప్పాడు. మోకాలు తుంటి కంటే పైకి రాకూడదు. తక్కువ ఎత్తులో కూర్చోకూడదు. కూర్చుంటే కీలు ఊడుతుంది, మళ్ళీ ఆపరేషన్, ఈ వయసులో అది కష్టం. ఆటో కుదుపులు అసలే పనికిరావు.

"కారులో కూర్చోవచ్చా డాక్టరుగారూ?"

"ఏ కారు?"

చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "దాన్లో కూర్చోవడమంటే నేల మీద కూర్చోవడమే."

నేను ఒప్పుకోలేదు. మూడు నెలలయ్యాక ఒక శనివారం కారు గుమ్మం దాకా తెచ్చి, సీటు వెనక్కి జరిపి, దాని మీద రెండు దిళ్ళు వేశాను. అమ్మ వాకర్ పట్టుకుని వచ్చింది. సందంతా గుమ్మాల్లో చేరింది. "ముందుగాల కాలు పెట్టుండ్రి" అని ఒకరు, "కాదు, ఎన్కకెళ్ళి కూసొని తిరగాలె" అని ఒకరు. అమ్మ వెనక్కి వాలబోయింది. సగంలో ఆమె నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. నేను పుట్టాక ఆమె నోట అలాంటి శబ్దం వినలేదు. నాన్న పోయినప్పుడు కూడా వినలేదు. ఎత్తి నిలబెట్టాను. ఆమె చెమటలు తుడుచుకుని, "నీ కారుదేం తప్పు లేదురా" అంది.

కార్ఖానా అనే బస్తీలో కార్ల సీట్లు కుట్టే ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన దగ్గరికి తీసుకెళ్ళి సీటు ఒక జానెడు లేపమన్నాను.

"లేపుతా సార్, ఎందుకు లేప? గని సీటు లేపితే పైకప్పు లేస్తదా? అమ్మ తల తాకుతది. జెర ఆలోచన చేయుండ్రి."

"మా అమ్మ పొట్టిది. మీరు లేపండి."

కింద చెక్కలు బిగించి, స్పాంజి పెట్టి, నల్ల రెగ్జిన్‌తో కుట్టాడు. పని శుభ్రంగా చేశాడు, ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. ఈసారి అమ్మ కూర్చోగలిగింది. తల మాత్రం ముందుకు వంగిపోయింది, గడ్డం ఛాతీకి ఆనింది. గుడికి బయల్దేరాం. మొదటి సిగ్నల్ దగ్గర ఆమె, "ఒరేయ్, నాకు రోడ్డు కనబడటం లేదురా, నా ఒళ్ళే కనబడుతోంది" అంది. రెండో సిగ్నల్ దగ్గర వెనక్కి తిప్పమంది. మెడ పట్టేసి రెండు రోజులు లేవలేదు.

మళ్ళీ కార్ఖానా వెళ్ళాను. పైకప్పు కోసి ఎత్తు పెంచవచ్చేమో అడిగాను. ఆ ముసలాయన దారం చుట్ట పక్కన పెట్టాడు.

"గంత తక్లీఫ్ ఎందుకు సార్? బండి ఖరాబ్ లేదు. అమ్మ సుత మంచిగనే ఉంది. ఇద్దరికి కుదుర్తలేదు, గంతే. ఎత్తు బండి ఎవరిదన్న దొరుకుతదేమో చూడుండ్రి."

ఎత్తు బండి బావకి ఉంది. ఆ ఏడాదే కొన్నాడు, జీపులా నిలబడే ఏడు సీట్లది. దాని సీటు అమ్మ తుంటికి సరిగ్గా సమానం. నేనే కొలిచి చూశాను, గుడి బయట ఎవరూ లేనప్పుడు, గొడుగు ఆనించి.

అద్దె బండి తెస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. అల్లుడికి బండి ఉండగా అత్త కిరాయి బండిలో గుడికి వస్తే సంఘంలో కూతురు తలెత్తుకోలేదని ఆమె బాధ. నాది ఇంకో బాధ. ఇద్దరి మధ్యా ఇంకో రెండు మొదటి ఆదివారాలు పోయాయి.

అక్క ఫోను చేసింది. "వచ్చే మొదటి ఆదివారం మీ బావ వచ్చి అమ్మని తీసుకెళ్తానంటున్నారు. నువ్వు అడ్డం పడకురా."

"రమ్మను. ముందు ఆ మాట వెనక్కి తీసుకోమను."

"ఏ మాట?"

ఏ మాటని అడిగింది. అంటే ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఒక్కసారి కూడా అనుకోలేదన్నమాట. నేను ఆరేళ్ళకి పైగా మోసింది వాళ్ళు అక్కడే గుడి మెట్ల మీద వదిలేసి భోజనానికి వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం ఎనిమిదింటికి బావ వచ్చాడు. ఆయన బండి మా సందులోకి పట్టదు, రోడ్డు మీదే ఆపి నడిచి వచ్చాడు. వాకర్‌తో అమ్మ అంత దూరం నడవలేదు, సందు చివరి దాకా కుర్చీలో మోసుకెళ్ళాలి. చేతుల చెక్కకుర్చీ, చెరో పక్కా ఒకరు పట్టాలి. అమ్మ అప్పటికే తెల్లచీరలో, సంచి ఒళ్ళో పెట్టుకుని అందులో కూర్చుంది. తల దువ్వించుకుంది. పౌడరు కూడా రాసుకుంది. ఎన్నో నెలల తర్వాత ఆ ముఖం చూసి నాకే గుడికి వెళ్ళాలనిపించింది.

బావ ఒక పక్క వంగి పట్టుకున్నాడు. "ఊఁ, పట్టవోయ్ బావమరిదీ."

నేను పట్టలేదు. "ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి" అన్నాను.

"ఏ మాటోయ్?"

అక్షరం పొల్లు పోకుండా చెప్పాను. పిల్ల అన్నది, తల్లి ఎక్కడ అన్నది, కేక వెయ్యమన్నది. ఎవరెవరు నవ్వారో కూడా చెప్పాను. ఆయన నడుం నిటారుగా చేసి నన్ను వింతగా చూశాడు.

"ఎప్పటి మాటయ్యా అది! బావన్నాక ఆమాత్రం అనడా?"

"వెనక్కి తీసుకోండి."

"సరేనయ్యా. నీది కారు కాదు, విమానం. చాలా? ఇక పట్టు, అత్తయ్యగారికి ఆలస్యమవుతుంది."

పక్కింటి గుమ్మంలోంచి ఎవరో కిసుక్కుమన్నారు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

పక్కింటాయన చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు. "నేను పట్టుకుంట సార్, అమ్మను పరేషాన్ చెయ్యకుండ్రి."

అమ్మ చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. "వద్దు నాయనా. నా కొడుకు పట్టకుండా నేను గడప దాటితే, వాడు మళ్ళీ గుడి గుమ్మం తొక్కడు. వాడి సంగతి నాకు తెలుసు." తర్వాత బావతో అంది, "అల్లుడుగారూ, మీరు బయల్దేరండి. అమ్మాయి ఎదురుచూస్తూ ఉంటుంది."

బావ ముఖంలో నవ్వు పోయింది. వెళ్ళిపోయాడు. అమ్మ ఇంకో రెండు గంటలు ఆ కుర్చీలోనే కూర్చుంది, ఆరాధన ముగిసే వేళ దాకా. నేను లోపల గదిలో కూర్చున్నాను. ఆమె నన్ను పిలవలేదు. పిలిస్తే వెళ్ళేవాణ్ణని ఇప్పుడు అనుకోవడం తేలిక.

మర్నాడు ఆమే అయ్యగారికి ఫోను చేసి, బల్ల ఇంటికి తెమ్మని అడిగింది. మా సంఘంలో ఆ మాటకి ఒక అర్థం ఉంది. ఇంటికి బల్ల వెళుతోందంటే ఇక ఆ మనిషి గుడికి రారని. బెంచీలో వాళ్ళ చోట్లో వేరేవాళ్ళు సర్దుకుంటారు. మంచం పట్టిన వాళ్ళు కూడా ఆ మాట అనడానికి భయపడి, వచ్చే నెల లేస్తాను, ఆపై నెల లేస్తాను అంటూ ఉంటారు. అమ్మ ఇంట్లో నడుస్తోంది, వంట చేస్తోంది. ఆమే అడిగింది.

గురువారం పొద్దున్న నేనే వెళ్ళి అయ్యగారిని తీసుకొచ్చాను. ఆయన చిన్న చెక్కపెట్టె తెరిచి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, రొట్టె పెట్టి, రెండు కప్పుల్లో ద్రాక్షారసం పోశారు. అమ్మకొకటి, నాకొకటి. తనది ఆదివారమే అయిపోయింది. వాక్యం చదివారు. ఈ బల్లకి వచ్చేవాళ్ళకి ఎవరితోనైనా విరోధం ఉంటే ముందు వెళ్ళి సమాధానపడి రావాలన్నారు. ఆ మాట ప్రతిసారీ అంటారు. గుడిలో మూడువందల మంది మధ్య అది ఎవరికీ తగలదు. ఆ గదిలో వినేది మేమిద్దరమే.

పళ్ళెం నా ముందుకు వచ్చింది. "నాకు వద్దండి. నాకు సమాధానం లేదు" అన్నాను.

"తీసుకోరా" అంది అమ్మ.

"అబద్ధంగా తీసుకోమంటావా?"

ముప్పై ఏళ్ళు బడిలో పిల్లలకి అబద్ధమాడొద్దని చెప్పిన మనిషి. తీసుకోమని మళ్ళీ అనలేదు. "ఒక్క ఫోను చెయ్యి. ఏం అనక్కర్లేదు. బావా అని పిలువు, చాలు. అయ్యగారు ఆగుతారు" అంది.

ఫోను స్టూలు మీద ఉంది, నా మోచేతికి జానెడు దూరంలో. అయ్యగారు పళ్ళెం పట్టుకుని నిలబడే ఉన్నారు. గోడగడియారం చప్పుడు, సందులో కూరగాయలవాడి కేక. నేను ఫోను వైపు చూశాను. దాని మీద దుమ్ము కనబడింది. తుడవాలనుకున్నాను. అంతకంటే ఏమీ చెయ్యలేదు.

అమ్మ రొట్టె తీసుకుంది, కప్పు తాగింది. మిగిలినది పారబొయ్యకూడదు కాబట్టి నా కప్పు అయ్యగారు తాగారు.

ఆయన్ని తిరిగి దింపడానికి బయల్దేరాను. ముందు సీటు ఎత్తు కాబట్టి ఆయన వెనక కూర్చున్నారు, మోకాళ్ళు ముడుచుకుని. సిగ్నల్ దగ్గర ఇంజను ఆపాను.

"ఆగిపోయిందా?"

"నేనే ఆపానండి. పెట్రోలు కలిసొస్తుంది."

పచ్చ లైటు పడగానే బండి కదిలించాను. తర్వాత, "మీ బావగారు ప్రతి ఆదివారం అమ్మగారి సంగతి అడుగుతారు" అన్నారు.

"హాస్యానికి అడుగుతారేమో."

"ఆరోజు నేను కూడా నవ్వానటగా. మీ అమ్మగారు చెప్పారు. క్షమించండి."

ఆరేళ్ళకి పైగా నేను ఎదురుచూసిన మాట అది. పదకొండుమందిలో ఒకరు అన్నారు. విన్నాను. లోపల ఏమీ కదల్లేదు. కదులుతుందని అన్నాళ్ళూ అనుకున్నాను.

దిగేటప్పుడు ఆయన పెట్టెని చంకలో పెట్టుకుని, "వచ్చే నెల కూడా రెండు కప్పులే తెస్తాను" అన్నారు.

"ఒకటే తెండి అయ్యగారూ."

ఆయన వినలేదు. అమ్మ పోయే దాకా పంతొమ్మిది నెలలు నేనే వెళ్ళి ఆయన్ని తీసుకొచ్చాను, పంతొమ్మిది నెలలూ ఆయన రెండు పోశారు, రెండోది ఆయనే తాగారు. మొదట్లో పళ్ళెం నా ముందుకు వచ్చినప్పుడల్లా అమ్మ నా వైపు, ఫోను వైపు మార్చి మార్చి చూసేది. చివరి నెలల్లో మానేసింది. కళ్ళు మూసుకుని తన కప్పు తాగి, పెదాలు తుడుచుకుని, ఆఫీసుకి వేళవుతోంది, అయ్యగారిని దింపి అటే వెళ్ళిపో అనేది.